పోరోస్ రేవులో దిగని పాండెలిస్

మా ఓడ పేరు కిరా లేనీ. పొద్దున్న ఎనిమిదింటికి పిరేయస్‌లో బయల్దేరి ఇద్రా, పోరోస్, ఏగినా దీవులు మూడూ చూపించి, సాయంత్రం ఏడు దాటేసరికి జనాన్ని ఎక్కించుకున్న చోటే దింపేస్తుంది. మధ్యలో భోజనం, కాస్త పాట, కాస్త ఆట. రెండో అంతస్తులో కాఫీ బల్ల నాది. ఇరవై రెండేళ్ళుగా ఆ బల్ల వెనకే నిలబడి ఉన్నాను. నా పేరు ఫ్రోసో. నాకు నోటి దురుసు ఎక్కువని ఓడలో అందరూ అంటారు. నిజమే గనక ఆ విషయంలో ఎవరితోనూ తగువు పడను.

చెప్పదలుచుకున్నది నా గురించి కాదు, పాండెలిస్ గురించి. పాండెలిస్‌ది ఇద్రా. అరవై ఏళ్ళు, పెళ్ళి చేసుకోలేదు, మాట తక్కువ. మా ఓడ తాళ్ళు అతని చేతిలో ఉంటాయి. ఓడ రేవుకి దగ్గరవుతుంటే ముందు భాగంలో నిలబడి సన్నతాడు విసిరేది అతనే. ఆ తాడు కొసకి పిడికెడంత ముడి ఉంటుంది. గట్టు మీద మనిషి ఆ ముడిని అందుకుని లాగితే దాని వెనకే లావు తాడు వస్తుంది. ఆ తాడు ఉచ్చు ఇనప దిమ్మకి తగిలిస్తే ఓడ నిలుస్తుంది. ఇందులో ఏముంది అనిపిస్తుంది చూసేవాళ్ళకి. గాలి అడ్డంగా కొట్టే రోజున, మూడొందల మంది చూస్తుండగా, ఆ ముడి సరిగ్గా అవతలివాడి గుండెల ముందు పడేలా విసరాలంటే చెయ్యి తిరిగి ఉండాలి.

ఓడ ఇద్రాలో ఆగితే పాండెలిస్ దిగుతాడు. గాడిదలు తోలేవాళ్ళతో రెండు మాటలు మాట్లాడి, ఒక కాఫీ తాగి వస్తాడు. ఏగినాలో దిగుతాడు, పిస్తాలు అమ్మే ముసలమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుంటాడు. పోరోస్‌లో మాత్రం దిగడు. అక్కడ యాభై నిమిషాలు ఆగుతాం. ఆ యాభై నిమిషాలూ దిగే వంతెన పై కొస దగ్గర నిలబడి పెద్దవాళ్ళకి చెయ్యందిస్తాడు గానీ తన కాలు గట్టుకి ఆనించడు. కొత్తగా చేరినవాళ్ళు ఎందుకని అడిగితే మోకాలు నొప్పి అంటాడు. మిగతా రెండు దీవుల్లో ఆ మోకాలికి ఏ జబ్బూ ఉండదు.

అసలు కారణం లూకాస్. పోరోస్ గట్టు మీద మా తాడు అందుకునేది లూకాసే. ఇద్దరూ కుర్రతనంలో నౌకాదళంలో కలిసి పనిచేశారు, ఒక కంచంలో తిన్నారు. లూకాస్ కొడుక్కి పాండెలిస్ జ్ఞానతండ్రి, అంటే జ్ఞానస్నానంలో బిడ్డని ఎత్తుకుని పూచీ పడ్డవాడు. మాలో బిడ్డని కన్నవాడూ, జ్ఞానతండ్రీ ఒకరికొకరు కుంబారోస్ అవుతారు. తోడబుట్టినవాడితో చెప్పుకోలేనిది కుంబారోస్‌తో చెప్పుకుంటారు. అలాంటి ఇద్దరూ ఒకే తాడుకి చెరో కొసా పట్టుకుని రోజూ ఓడని కడతారు, విప్పుతారు, ఒక్క మాట మాట్లాడుకోరు. మొండితనానికైనా ఒక హద్దుండాలని నేను చాలాసార్లు అన్నాను. ఇద్దరిలో ఒక్కడూ చెవిన వేసుకోలేదు.

ఇది ఇరవై ఏడేళ్ళ కిందట మొదలైంది. ఆ జనవరిలో పాండెలిస్ తమ్ముడు సరాండిస్ చేపల పడవతో సహా మునిగిపోయాడు. నాలుగు చెక్కలు దొరికాయి గానీ మనిషి దొరకలేదు. శవం లేదు కాబట్టి సమాధి లేదు, సమాధి లేదు కాబట్టి పేరు చెక్కిన రాయి కూడా లేదు. వాళ్ళమ్మ దీపం ఎక్కడ పెట్టాలో తెలియక రోజూ సాయంత్రం ఇద్రా రేవు చివర రాళ్ళ మీద పెట్టి వచ్చేది, అది గాలికి ఆరిపోయేది.

అదే ఏడు జూన్‌లో లూకాస్ కొడుకు జ్ఞానస్నానం వచ్చింది. మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు పెట్టడం మాలో ఎవరూ చర్చించే విషయం కాదు. లూకాస్ తండ్రి పేరు అర్గీరిస్. తన పేరు మనవడికి వస్తుందని ముసలాయన కొత్త కోటు కుట్టించుకుని, కొవ్వొత్తి పట్టుకుని ముందు వరసలో నిలబడ్డాడు. పాత పద్ధతి ప్రకారం తల్లి చర్చి బయట ఉంటుంది. లోపల పేరు పలకగానే పిల్లలు పరిగెత్తుకొచ్చి ఆమెకి చెప్పి చిల్లర పుచ్చుకుంటారు. ఇంట్లో ఎవరు ఏది అనుకున్నా సరే, చర్చిలో ఆ పేరు పలికే హక్కు జ్ఞానతండ్రిది. బిడ్డని ఎత్తుకుని నిలబడ్డ పాండెలిస్‌ని ఫాదర్ పేరేమిటని అడిగాడు.

పాండెలిస్ "సరాండిస్" అన్నాడు.

ఫాదర్‌ది ఆ ఊరే కాబట్టి అనుకున్న పేరేమిటో ఆయనకీ తెలుసు. అందుకని మళ్ళీ అడిగాడు. మళ్ళీ సరాండిసే. మూడోసారి కాస్త వంగి, నెమ్మదిగా అడిగాడట. అప్పుడూ అదే. నూనె రాసి, మూడు మునకలు వేయించి పలికిన పేరు ఇక మారదు. పిల్లలు పరిగెత్తుకొచ్చి చెప్పిన పేరు విని, బిడ్డ తల్లి పోపీ వాళ్ళకి చిల్లర ఇవ్వడం మర్చిపోయి అలాగే ఉండిపోయింది. అర్గీరిస్ ముసలాయన కొవ్వొత్తి పక్కవాడి చేతిలో పెట్టి ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రెండో చలికాలంలో పోయాడు. పోపీకి మళ్ళీ కడుపు పండలేదు. ఆ ఇంట్లో అర్గీరిస్ అనే పేరు అంతటితో ఆగిపోయింది.

చర్చి మెట్ల మీదే లూకాస్ అడిగాడట, "ఒకసారంటే నోరు జారిందనుకుంటా. మూడుసార్లూ జారిందా?" అని. పాండెలిస్ జవాబు చెప్పలేదు. ఇద్దరి మధ్యా ఆఖరి మాట అదే.

ఈ తగువు నా చెవిన పడ్డప్పటి నుంచీ నేను పాండెలిస్ పక్షమే. తమ్ముణ్ణి పోగొట్టుకుని ఆరు నెలలు కాని మనిషి నాలుక మీద ఇంకే పేరుంటుంది? తెలియకుండా వచ్చేసింది, మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అదే వచ్చింది, మనిషి ఆ క్షణంలో మనిషిగా లేడు అని పోపీతో వాదించాను, కెప్టెన్‌తో వాదించాను, ఓసారి లూకాస్‌నే గట్టు మీద నిలబెట్టి కడిగేశాను. అతను నా మాటలన్నీ విని, "నువ్వెందుకు చెప్తున్నావ్, అతనికి నోరు లేదా?" అని వెళ్ళిపోయాడు. అంతమంది ముందు నా ముఖం చిన్నబోయింది.

పాండెలిస్ అంతకుముందు పెద్ద సరుకు ఓడల్లో ఉండేవాడు. బ్రెజిల్, జపాన్ తిరిగినవాడు అవన్నీ మానేసి, నేను చేరిన ఏడే సగం జీతానికి మా బుల్లి ఓడలో చేరాడు. ఎందుకని ఎవరికీ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. పోరోస్‌లో ఓడ ఆగినప్పుడల్లా అతని కళ్ళు ఎవర్ని వెతుకుతాయో నేను చూస్తూనే ఉన్నాను. పిల్లాడు మొదట మూడు చక్రాల బండి మీద వచ్చేవాడు, తర్వాత సైకిలు మీద, ఆ తర్వాత మోటారు బండి మీద. రోజుకి యాభై నిమిషాల చొప్పున ఆ పిల్లాడు పెరగడం చూశాడు పాండెలిస్. అంత ప్రేమ పెట్టుకుని ఆ మనిషి అలా వంతెన మీదే నిలబడిపోవడం చూస్తే నాకు జాలీ వేసేది, ఒళ్ళూ మండేది.

ఈస్టర్‌కి జ్ఞానతండ్రి పిల్లాడికి కొవ్వొత్తీ, కొత్త బూట్లూ ఇవ్వాలి. అది ఏ ఏడూ తప్పలేదు. ఓడలో చేరినప్పటి నుంచీ మోసింది నేను. పండక్కి ముందు పోపీ రొట్టెల దుకాణం కాగితం మీద పిల్లాడి పాదం పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసి, మడిచి నా చేతికిచ్చేది. పాండెలిస్ అది పట్టుకుని పిరేయస్ బజారంతా తిరిగేవాడు. పెట్టె తీసుకెళ్ళి పోపీకి అందించేది మళ్ళీ నేనే. లూకాస్‌కి తెలియదా అంటే, తెలుసు. బూట్లు ఎక్కడివని అడగలేదు, పిల్లాడి కాళ్ళ నుంచి లాగెయ్యనూ లేదు. ఓసారి ఓడలో కరెంటు పోతే టార్చిలైటు కోసం పాండెలిస్ గదిలో వెతికాను. సొరుగులో ఆ పాదాల కాగితాలు, చిన్నదాని మీద పెద్దదిగా పేర్చి ఉన్నాయి. చూడనట్టే మూసేసి ఊరుకున్నాను. నాకు తెలిసి నేను నోరెత్తకుండా ఊరుకున్నది ఆ ఒక్కసారే.

పోయిన సెప్టెంబరు చివరి వారం, ఒక గురువారం. సముద్రం చడీచప్పుడూ లేకుండా ఉంది. పొద్దున్న జనం ఎక్కుతుంటే వాళ్ళ మధ్య లూకాస్ కొడుకు సరాండిస్ కనిపించాడు. ఇప్పుడు వాడికి ఇరవై ఏడు. పోరోస్‌లో పడవ ఇంజన్లు బాగుచేసే కొట్టు ఉంది. పక్కన డెస్పీనా, వాడు చేసుకోబోయే పిల్ల. వాడి చేతిలో రిబ్బను కట్టిన బాదం మిఠాయి పెట్టె ఉంది.

"ఏంట్రా, పోరోస్ వాడివి, పోరోస్ చూడ్డానికి టికెట్టు కొన్నావా?" అన్నాను.

"మా నోనో పోరోస్‌లో దిగడు కదత్తా. ఇంకేం చేస్తాం, మేమే ఎక్కాం" అన్నాడు.

జ్ఞానతండ్రిని పిల్లలు నోనో అనే పిలుస్తారు. తెల్లారగట్ల మొదటి పడవలో పిరేయస్ వచ్చి, టికెట్లు కొనుక్కుని, విదేశీయుల వరసలో నిలబడి ఎక్కారట ఇద్దరూ. ఫోన్‌లో అడిగితే పాండెలిస్ ఊఁ, ఆఁ తప్ప మాట్లాడడు. ఓడ మీదైతే సాయంత్రం దాకా పారిపోయే చోటుండదు. కుర్రాడికి తెలివి బాగానే ఉందనుకున్నాను.

తాళ్ళు చుట్టేసి పాండెలిస్ నా బల్ల దగ్గరికి వచ్చాడు. పెళ్ళి పిలుపుకి తెచ్చే మిఠాయి పెట్టె చూడగానే అతనికి సంగతి తెలిసిపోయింది. చేతులు ప్యాంటుకి రెండుసార్లు తుడుచుకున్నాడు. మా పెళ్ళిలో వధూవరుల తలల మీద కిరీటాలు అటూ ఇటూ మార్చే హక్కు పెళ్ళికొడుకు జ్ఞానతండ్రిదే. అతను కాదన్నాకే ఇంకొకరిని అడగాలి. సరాండిస్ పెట్టె అతని ముందు పెట్టి, అక్టోబరు రెండో ఆదివారం పెళ్ళి అని, కిరీటాలు నువ్వే మార్చాలని పద్ధతిగా అడిగాడు.

పాండెలిస్ ఇంకెవరినైనా చూసుకోమన్నాడు. మీ నాన్న నన్ను చర్చి గడప తొక్కనివ్వడు అన్నాడు. సరాండిస్ ఏమీ దాచకుండా చెప్పాడు. ఇంట్లో అడిగాడట. లూకాస్ వద్దనలేదు, అరవలేదు. అతనొస్తే నేను రాను అని మాత్రం అన్నాడట.

"నాన్న లేకుండా పెళ్ళి చేసుకోలేను నోనో. నువ్వుండగా ఇంకొకడి చేత కిరీటాలు పెట్టించుకోలేను. ఇరవై ఏడేళ్ళు మీ ఇద్దరి మధ్యా తిరిగాను, ఇక నా వల్ల కాదు. సాయంత్రం లోపు ఏదో ఒకటి తేల్చు" అన్నాడు.

నీకేమీ అనాలని లేదా అని డెస్పీనాని అడిగాను. ఎవరు పెట్టినా సరే, కిరీటం జారి నా ముక్కు మీద పడకపోతే చాలు అంది. నాకా పిల్ల వెంటనే నచ్చేసింది.

ఇద్రాలో పాండెలిస్ దిగాడు గానీ గాడిదల దగ్గరికి పోలేదు. ముగ్గురూ రేవు చివరికి నడిచారు. పైనుంచి చూస్తూనే ఉన్నాను. వాళ్ళమ్మ దీపం పెట్టే రాళ్ళ దగ్గరే చాలాసేపు నిలబడ్డారు. తిరిగొచ్చాక కింద భోజనాలు మొదలయ్యాయి, వాద్యాలవాళ్ళు వాయిస్తున్నారు, జనం అంతా అక్కడే. నా బల్ల దగ్గర మేం నలుగురమే మిగిలాం.

అప్పుడడిగాడు సరాండిస్. "నోనో, ఒక్కటి చెప్పు. నా పేరు నీ నోరు జారి వచ్చిందా, కావాలని పెట్టావా?"

నేను అడ్డం పడ్డాను. తమ్ముడు పోయిన మనిషిని పట్టుకుని అదేం ప్రశ్నరా అన్నాను. ఎప్పటి పాటే అందుకున్నాను. పాండెలిస్ చెయ్యెత్తి నన్ను ఆపాడు. అతను నన్ను ఆపడం అదే మొదలు.

"మొదటిసారి జారింది" అన్నాడు. "అర్గీరిస్ అనే అనుకుంటూ వచ్చాను. నోరు తెరిస్తే తమ్ముడి పేరు వచ్చింది. వెనక వరసలో మా అమ్మ ఉంది. ఆ పేరు చర్చిలో వినపడేసరికి ప్రాణం లేచొచ్చినట్టు అబ్బా అంది. ఆరు నెలల్లో ఆవిడ నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. ఫాదర్ మళ్ళీ అడిగాడు. అప్పుడు దిద్దుకోవచ్చు. నా బుర్ర బాగానే పనిచేస్తోంది. ముసలాయన కోటు కనిపిస్తోంది, లూకాస్ ముఖం కనిపిస్తోంది. అన్నీ చూస్తూనే అన్నాను. రెండోదీ, మూడోదీ నేనే అన్నాను."

నాకు కోపం వచ్చింది. ఇరవై రెండేళ్ళు ఈ మనిషి కోసం ఊరందరితో వాదించాను, ఒక్కసారైనా నీ వాదన తప్పు అనలేదు. నాకెందుకు చెప్పలేదని అడిగితే, నువ్వు చెప్పేది వింటుంటే బాగుండేది ఫ్రోసో, అలాగే జరిగి ఉంటే ఎంత బాగుండేది అనిపించేది అన్నాడు. ఆ మాటకి నా కోపం సగం చల్లారింది. మిగతా సగంతో అన్నాను, "ఇప్పుడు మాకెందుకు చెప్తున్నావ్? చెప్పించుకోవాల్సినవాడు ఇంకో ముప్పావు గంటలో తాడు పట్టుకోడానికి వస్తాడు."

సరాండిస్ మిఠాయి పెట్టె రిబ్బను విప్పి మళ్ళీ కట్టాడు. తన పేరు ఎలా వచ్చిందో ఇరవై ఏడేళ్ళకి తెలిసింది వాడికి. ఏమంటాడో అని నాకు భయం వేసింది. చివరికి, "ఆ మాట మా నాన్నకి చెప్పు" అన్నాడు. "విని నిన్ను పొమ్మంటే సరే, వేరేవాళ్ళని చూసుకుంటా. కానీ చెప్పకుండా మాత్రం నువ్వు నా పెళ్ళికి రావద్దు."

పాండెలిస్ లేచి తాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు.

పోరోస్ దగ్గర నీటి దారి సన్నగా ఉంటుంది. ఒకవైపు దీవి, ఒకవైపు పెద్ద నేల, మధ్యలోంచి ఓడ మెల్లగా పోతుంది. గట్టు మీద లూకాస్ ఎప్పట్లాగే దిమ్మ పక్కన నిలబడి ఉన్నాడు. కొడుకు ఓడలో ఉన్నాడని అతనికి తెలియదు. పాండెలిస్ విసిరిన తాడు గట్టుకి బారెడు దూరంలో నీళ్ళలో పడింది. అతని విసురు తప్పడం నేను చూడటం అదే మొదలు. కెప్టెన్ పైనుంచి తొంగిచూశాడు. పాండెలిస్ తడితాడు లాక్కుని మళ్ళీ విసిరాడు. లూకాస్ అందుకున్నాడు, ఉచ్చు తగిలించాడు, అలవాటుగా ముఖం తిప్పుకున్నాడు.

జనమంతా దిగారు. పాండెలిస్ వంతెన పై కొస దగ్గర నిలబడ్డాడు. ఇక దిగడనుకున్నాను. వెనక నుంచి ఒక్క తోపు తోద్దామా అని కూడా ఆలోచించాను. అప్పుడు టోపీ తీసి, రెండు చేతులతో పట్టుకుని దిగాడు. గట్టు మీద కాలు పెట్టి, లూకాస్ ఎదురుగా నిలబడి, తల వంచుకుని ఏదో అన్నాడు. చాలా తక్కువ మాటలు. నా కాఫీ మరిగి పొంగిపోయింది, నేను చూసుకోలేదు.

లూకాస్ అతన్ని కొట్టలేదు, తిట్టలేదు. చేతులకున్న తోలు తొడుగులు విప్పి జేబులో పెట్టుకున్నాడు. "రా" అన్నట్టు తల ఊపి, దుకాణాల వెనక మెట్ల దారి పట్టాడు. పాండెలిస్ పదడుగుల వెనకగా వెళ్ళాడు. ఇద్దరూ మలుపు తిరిగాక ఇంకేమీ కనిపించలేదు.

యాభై నిమిషాలు అయ్యాయి. జనం ఎక్కారు. కెప్టెన్ ఒకసారి కూత వేశాడు, రెండుసార్లు వేశాడు. ఓడలో తాళ్ళ మనిషి లేడు, గట్టు మీదా తాళ్ళ మనిషి లేడు. వీళ్ళిద్దరికీ ఇన్నేళ్ళూ దొరకని సమయం ఇవాళే దొరికిందా అని కెప్టెన్ పైనుంచి అరుస్తున్నాడు. సరాండిస్ పిలుపుకని వేసుకున్న కొత్త చొక్కా చేతులు పైకి మడిచి, గట్టు మీదికి దూకి, దిమ్మల నుంచి ఉచ్చులు తీసి, వంతెన లాగేలోపు మళ్ళీ ఎక్కేశాడు. అలా ఇరవై రెండేళ్ళలో మొదటిసారి కిరా లేనీ పాండెలిస్ లేకుండా బయల్దేరింది.

దారిలో పోపీ కొడుక్కి ఫోన్ చేసింది. బాల్కనీలోంచి చూసిందట. ఒకడు ముందు, ఒకడు వెనక, సమాధుల తోట వైపు ఎక్కుతున్నారు, అసలేం జరుగుతోందిరా అని అడుగుతోంది. వాడికి మాత్రం ఏం తెలుసు? ఏగినాలో తాడు విసరాల్సి వస్తే వాడు మొదటిది నీళ్ళలో వేశాడు, రెండోది తిన్నగా ముసలమ్మ పిస్తా గంపలో వేశాడు. ఇదంతా వినోదంలో భాగమనుకుని జనం చప్పట్లు కొట్టారు. డెస్పీనా నవ్వింది గానీ వాడు నవ్వలేదు. పిరేయస్ చేరేదాకా ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. లూకాస్ ఫోన్ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్న నేను వచ్చేసరికి పాండెలిస్ ఓడ ముందు భాగంలో నిలబడి తాళ్ళు సరిచేస్తున్నాడు. పోరోస్ నుంచి మొదటి పడవలో వచ్చాడట. నిన్నటి చొక్కాయే. రాత్రి లూకాస్ ఇంట్లో వేయించిన చేపలు తిన్నానని, బాల్కనీలో పడుకున్నానని, అక్టోబరు రెండో ఆదివారం సెలవు కావాలని కెప్టెన్‌కి చెప్పానని అన్నాడు. అన్నీ వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. లూకాస్ చర్చికి వస్తాడా అని అడిగాను. వస్తాడు, కోటు కూడా ఇస్త్రీకి ఇచ్చాడు అన్నాడు. అంతటితో వదిలేస్తానా? నిన్న మీరిద్దరూ ఎక్కడికెళ్ళారో చెప్పేదాకా ఈ ఓడలో నీకు కాఫీ లేదన్నాను. ఇద్రా చేరేలోపు ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

మా సమాధుల తోటల్లో చోటు తక్కువ. మూడేళ్ళయ్యాక ఎముకలు తీసి, వైన్‌తో కడిగి, చిన్న పెట్టెలో పెట్టి, పేరు రాసి ఒక గదిలో అరల మీద పేరుస్తారు. లూకాస్ పాండెలిస్‌ని ఆ గదికే తీసుకెళ్ళాడు. పై అరలోంచి తండ్రి పెట్టె దించి, చొక్కా చేతితో దుమ్ము తుడిచి, బల్ల మీద పెట్టి, ముందు దీపం వెలిగించాడు. తర్వాత పాండెలిస్ వైపు తిరిగి, "నాకు చెప్పావు, విన్నాను. పేరు పోయింది ఆయనకి. ఆయనకి చెప్పు" అన్నాడు.

పాండెలిస్ పెట్టె ముందు నిలబడి చెప్పాడు. తమ్ముడి గురించి, వెనక వరసలో తల్లి గురించి, మొదటిసారి గురించి, మిగతా రెండుసార్ల గురించి. చాలా మెల్లగా చెప్పాడట. లూకాస్ గోడకి ఆనుకుని, కళ్ళు తుడుచుకుంటూ ఉన్నాడు. చెప్పడం అయ్యాక ముందుకొచ్చి, రెండు చేతులతో పెట్టెని పట్టుకుని నెమ్మదిగా రెండో పక్క పాండెలిస్ వైపు వచ్చేలా తిప్పి పెట్టాడు.

"గట్టిగా చెప్పరా" అన్నాడు. "నాన్నకి ఎడం చెవి వినపడదు."

పాండెలిస్ మళ్ళీ మొదటి నుంచి, ఈసారి గట్టిగా చెప్పాడు.